మూడో యజమానికి రాని ఉత్తరం

పాత కారు కొనబోయేవాడు ఒక మెకానిక్కును వెంటబెట్టుకు వెళ్ళడం మన ఆచారం, పెళ్ళిచూపులకు మేనమామ వెళ్ళినట్టు. ఆ మెకానిక్కు బానెట్టు ఎత్తుతాడు. ఆయిలు మూత తీసి పొగ వస్తుందేమో చూస్తాడు. డోరు మీద వేళ్ళతో తట్టి ఎక్కడ లప్పం పెట్టారో చప్పుడుతోనే చెబుతాడు. మీటరు మీది కిలోమీటర్లనూ క్లచ్ పెడలు అరుగుదలనూ పోల్చి చూసి పెదవి విరుస్తాడు. ఆ పెదవి విరుపు విలువ ఒక్కోసారి ఇరవై వేల రూపాయలు. నేను ఆ విద్యను చిన్నచూపు చూడటం లేదు. ఆ విద్యకు అందని సంగతి ఒకటి ఉందనీ, దాన్ని మనకు అందించవలసినవాళ్ళు అందించడం లేదనీ చెప్పడానికే ఈ టపా.

2021 మొదట్లో నేనొక పాత కారు కొన్నాను. 2012 మోడలు, ఏపీ 29 నంబరు. నాకు ముందు ఇద్దరు వాడారు. అది ఎలాంటి కాలమో సరూర్‌నగర్ వాళ్ళకు చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు చెరువు పొంగి, దిగువన ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. ఇళ్ళ ముందు నిలిపిన కార్లు సీట్ల దాకా మునిగాయి. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఈ చుట్టుపక్కల పాత కారు కొనేవాడికి ఇంజను కన్నా బురదంటేనే ఎక్కువ భయం. మా మెకానిక్కు సీటుబెల్టును చివరంటా బయటికి లాగి చూశాడు. మునిగిన బండి అయితే కడిగినవాడి చెయ్యి అంతదూరం పోదట, బెల్టు చివర మరక మిగిలిపోతుందట. మ్యాట్లు ఎత్తి వాసన చూశాడు. స్పేరు టైరు కింద చెయ్యి పెట్టి తుప్పు కోసం వెతికాడు. "మునిగిన బండి కాదు సార్, ధైర్యంగా తీసుకోండి" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

తరువాతి మూడేళ్ళలో పాత కారు పెట్టవలసిన బాధలన్నీ అది శ్రద్ధగా పెట్టింది. ఏసీ కూలింగ్ కాయిల్ కారింది. సస్పెన్షన్ బుష్‌లు పోయి గుంతలో దిగినప్పుడల్లా టకటకలాడింది. క్లచ్ ప్లేటు మార్చాను. ఒక మే నెలలో రేడియేటరు ఫ్యాను ఆగిపోయి, ఎల్బీనగర్ చౌరస్తా దాటీ దాటకముందే పొగలు కక్కింది. వీటిలో దేనికీ నేనెవరినీ తిట్టలేదు. అరవై ఏళ్ళ మనిషికి మోకాళ్ళ నొప్పి వస్తే ఎవరిని తిడతాం?

2024లో ఏసీ మళ్ళీ మొరాయిస్తే, ఈసారి పేటలో షెడ్డుకు కాక తొలిసారిగా కంపెనీ సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాను. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడు ఛాసిస్ నంబరు కొట్టి, తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ తెర వైపు చూశాడు.

"సార్, ఈ బండికి రీకాల్ పెండింగ్ ఉంది. చేయించుకోలేదా?"

ముందు సీట్లో కూర్చున్నవాళ్ళ ప్రాణానికి సంబంధించిన ఒక భాగంలో తయారీ లోపం ఉందనీ, ఉచితంగా మార్చి ఇస్తామనీ కంపెనీ చాలా ఏళ్ళ కిందటే ప్రకటించిందట. యజమానికి ఉత్తరం కూడా పంపిందట. "ఇదే కదా సార్ మీ అడ్రసు?" అని అతను చదివి వినిపించింది చైతన్యపురిలోని ఒక ఇంటి నంబరు. మొదటి యజమానిది. తిరిగి వస్తూ ఆ నంబరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ ఇల్లు లేదు. అక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. కావలి అతనికి ఆ పేరు కూడా తెలియదు.

మరునాడు మూడు గంటల్లో పని అయిపోయింది. పైసా తీసుకోలేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను, నా తగవు దానితో కాదు కనుక. కానీ ఆ మూడేళ్ళూ ఆ ముందు సీట్లో కూర్చున్నది మా అమ్మ. వెనక కూర్చుంటే ఆమెకు వాంతులవుతాయి. విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాకా ఎన్నిసార్లు వెళ్ళివచ్చామో లెక్కలేదు. సీటుబెల్టు చివరి మరక దాకా వెతికిన మా మెకానిక్కు కళ్ళకు ఆ లోపం కనబడలేదు. కనబడే అవకాశం కూడా లేదు.

ఇక్కడ రెండు వేరువేరు సంగతులను మనం కలిపేస్తున్నాం. పాత కారు మీద వినబడే ఫిర్యాదుల్లో నూటికి తొంభై అరుగుదలకు సంబంధించినవి. వాటిని చెవి, ముక్కు, చెయ్యి పట్టుకోగలవు. రీకాల్ అన్నది పుట్టుకతో వచ్చిన లోపానికి సంబంధించినది. ఒకే కర్మాగారంలో, ఒకే కాలంలో తయారైన వేల బండ్లలో ఒకే చోట దాగి ఉంటుంది. విడిగా ఒక్క బండిని చూసి దాన్ని పట్టుకోలేం. వేల బండ్ల చరిత్ర ఒకచోట పోగుపడితేనే బయటపడుతుంది. అందువల్ల దాన్ని చెప్పగలిగినవాళ్ళు తయారుచేసినవాడూ, లెక్కలు ఉంచుకునే ప్రభుత్వమూ మాత్రమే.

తకాటా ఎయిర్‌బ్యాగుల కథ దీనికి పెద్ద ఉదాహరణ. ఎయిర్‌బ్యాగును క్షణంలో ఉబ్బించడానికి ఆ జపాను కంపెనీ అమ్మోనియం నైట్రేటు వాడింది. ఏళ్ళ తరబడి వేడికీ గాలిలోని తేమకూ ఆ రసాయనం చెడిపోయి, ప్రమాదవేళ మండవలసినదాని కన్నా ఉద్ధృతంగా మండి, దాన్ని ఉంచిన లోహపు డబ్బానే పగలగొడుతుంది. ప్రాణం కాపాడవలసిన సంచీ లోంచి ఇనుప ముక్కలు మెడకూ ముఖానికీ తగులుతాయి. 2008లో అమెరికాలో హోండా మొదట వెనక్కి పిలిచింది సుమారు 4,000 కార్లను మాత్రమే. మరుసటి ఏడాదే ఒక్లహామాలో ఒక యువతి చనిపోయింది. లెక్క పెరుగుతూ పోయి ఒక్క అమెరికాలోనే 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగుల దాకా చేరింది. 2017 జూన్‌లో తకాటా దివాళా తీసింది. మలేసియాలో హోండా సిటీ నడుపుతున్నవాళ్ళు చనిపోయారు. మన దేశంలో హోండా 2017 జనవరిలో 2012 నాటి 41,580 కార్లనూ, 2018 జనవరిలో 2013 నాటి 22,834 కార్లనూ ఈ ఎయిర్‌బ్యాగుల కోసం పిలిపించింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఈ లోపం బండి కొత్తగా ఉన్నప్పుడు ప్రమాదకరం కాదు. వయసు పెరిగేకొద్దీ, వేడి దేశాల్లో, తేమ ఉన్న ఊళ్ళలో ప్రమాదకరమవుతుంది. అంటే మొదటి యజమాని షోరూములో కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్ననాడు అది మంచి బండే. మూడో యజమాని అప్పు చేసి కొన్ననాడు అది వేరే బండి. ఉత్తరం మాత్రం మొదటివాడికి వెళుతుంది.

ఇక మాట సంగతి. తెలుగు పత్రికలు రీకాల్‌ను "కార్లను వెనక్కి పిలిపించిన కంపెనీ" అని రాస్తాయి. మా వీధిలో నా కారు మోడలే ఉన్న ఒకాయనకు నేను ఈ విషయం చెబితే, "అయితే బండి తీసుకుని డబ్బులిచ్చేస్తారా?" అన్నాడు. నవ్వకండి. ఆయన ఆ మాటకున్న అర్థాన్నే అడిగాడు. పైగా చట్టంలో ఆయన అడిగినదీ ఉంది! 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 110ఎ సెక్షను ప్రకారం, ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశిస్తే తయారీదారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా అటువంటిదో అంతకన్నా మెరుగైనదో మరో బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. కంపెనీలు తమంతట తాము ప్రకటించే రీకాళ్ళలో మనం చూసేది దాదాపుగా ఎప్పుడూ మూడోదే.

కంపెనీలకు ఆ మాటంటే ఎంత భయమో 2010లో చూశాం. ఆ ఫిబ్రవరిలో మారుతి సుమారు లక్ష ఎ-స్టార్ కార్లను ఇంధనం కారే లోపం సరిచెయ్యడానికి పిలిపించింది. అదే ఏడాది నానో కార్లు కొన్ని రోడ్డు మీద తగలబడ్డాక, నవంబరులో టాటా వాళ్ళు అదనపు రక్షణ భాగాలు ఉచితంగా బిగిస్తామన్నారు. దాన్ని రీకాల్ అని మాత్రం అనబోమన్నారు. పని ఒకటే, పేరు వేరు. పేరు లేని పనికి ఎవరు పరుగెత్తుకుని వెళతారు? మంటల భయాన్ని "అదనపు సౌకర్యం"లా చెబితే, కొన్నవాడు "తీరిక దొరికినప్పుడు చూద్దాం" అనుకుంటాడు. మాట మెత్తబడితే బండివాడి జాగ్రత్త కూడా మెత్తబడుతుంది. తెలుగులో దీనికి "లోప సవరణ పిలుపు" వంటి మాట ఒకటి కావాలనిపిస్తుంది. ఇంతకన్నా మంచిది మీకు తోస్తే చెప్పండి, సంతోషంగా వాడతాను.

అసలు తగవుకు వస్తాను. 2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి ఒకటి పెట్టుకుంది. చట్టబద్ధమైన రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సంతోషించవలసిందే. యజమానుల ఫిర్యాదులు ఒక సంఖ్య దాటితే ప్రభుత్వం విచారణ జరిపి ఆదేశించవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. కానీ ఈ నిబంధనలు వర్తించేది ఏడేళ్ళ లోపు బండ్లకే.

ఏడేళ్ళు! ఈ దేశంలో సొంత కారుకు రిజిస్ట్రేషను ఇచ్చేది 15 ఏళ్ళకు. ఆ తరువాత పరీక్షకు నిలబడితే మరో అయిదేళ్ళు పొడిగిస్తారు, దానికి వేరే రుసుము. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ అని మొదటిరోజే వసూలు చేస్తారు. పన్ను వేసేటప్పుడు బండికి జీవితకాలం ఉంది. రోడ్డు మీద తిరగడానికి 15 ఏళ్ళు ఉంది. లోపానికి తయారీదారు చేత జవాబు చెప్పించడానికి మాత్రం ఏడేళ్ళే ఉంది. మధ్యలో మిగిలిన ఎనిమిదేళ్ళలో ఆ బండి ఎవరి చేతుల్లో ఉంటుందో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ వీధిలో నిలబడి చూసినా తెలుస్తుంది. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే మాస్టారు, కొత్తగా కిరాణా పెట్టుకున్నవాడు, తల్లిదండ్రులను ఆసుపత్రికి తిప్పడానికి రెండు లక్షల్లో ఏదో ఒక నాలుగు చక్రాలు కావాలనుకున్నవాడు. కొత్త కారు కొనగలిగినవాడికి చట్టం ఉంది. కొనలేనివాడికి మెకానిక్కు ముక్కు ఉంది.

ఏడేళ్ళు దాటిన బండ్లను కంపెనీలు స్వచ్ఛందంగా పిలవడం లేదా అంటే, పిలుస్తున్నాయి. నా కారు లోపాన్ని ఏళ్ళు గడిచాక కూడా ఉచితంగానే సరిచేశారు. అయితే అది వాళ్ళ మంచితనం. మంచితనం చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. పైగా అమ్మిన కంపెనీలు ఎల్లకాలం ఇక్కడే ఉంటాయన్న హామీ ఏమీ లేదు. జనరల్ మోటార్స్ 2015 జులైలో, రిమోట్ తాళం పరికరంలోని లోపానికి 1,55,000 షెవర్లే కార్లను పిలిచింది. 2017 చివరికి ఇక్కడ అమ్మకాలే మానేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి బండ్లు పాత కార్ల సంతలో చౌకగా దొరుకుతాయి. చౌక ఎవరిని ఆకర్షిస్తుందో వేరే చెప్పాలా?

"కొనేవాడు కళ్ళు తెరుచుకుని కొనాలి, ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోవడానికి ఏం రోగం?" అంటారు కొందరు. ఈ వాదానికి బలం ఉంది, కాదనను. హోండా, మారుతి వంటి కంపెనీల సైట్లలో ఆ వీలు ఉంది. నేను చూసుకోకపోవడం నా తప్పే. కానీ ఒక ప్రశ్న. చూసుకోవాలన్న సంగతి కొనేవాడికి ఎవరు చెబుతారు? అమ్మేవాడా? మా వీధి పెద్దమనిషి ముచ్చట పూర్తి చేస్తాను. రీకాల్ సంగతి విన్నాక ఆయన ఒక నిమిషం ఆలోచించి, "వచ్చేవారం నా బండి చూడ్డానికి పార్టీ వస్తోంది. వాళ్ళ ముందు ఈ మాట ఎత్తకండి" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. మా గణపతి పందిరికి ఏటా మొదటి చందా ఆయనదే. "ఉచితంగా చేస్తారు, చేయించి అమ్మండి" అన్నాను. "సర్వీసు సెంటరుకు వెళితే ఇంకా ఏమేం బయటపెడతారో" అన్నాడు. అమ్మేవాడి భయం అది. కొనేవాడికి తెలియదు, అమ్మేవాడు చెప్పడు, మధ్యవర్తికి కమిషను మీదే ధ్యాస. ముగ్గురి మధ్యా నిజం దొర్లిపోతుంది. పార్టీ వచ్చిననాడు నేను ఆ మాట ఎత్తాను. ఆ తరువాత ఆయన నన్ను చూసి తల తిప్పుకుంటున్నాడు. కొన్న కుర్రాడు రీకాల్ చేయించుకున్నాడు.

కానీ ఊరిలో ప్రతి కారు అమ్మకం దగ్గరా ఇలా ఒకడు నోరు పారేసుకోలేడు కదా! ఆ పని కాగితం చెయ్యాలి.

మా అక్క కొడుకు డాలస్‌లో చదువుకోవడానికి వెళ్ళి, అక్కడి మన పిల్లలందరిలాగే పదేళ్ళ నాటి సెడాన్ ఒకటి కొన్నాడు. కొనే ముందు ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ సైటులో 17 అక్షరాల గుర్తింపు సంఖ్య కొట్టాడు, ఉన్న రీకాళ్ళన్నీ వచ్చాయి. 2014 ఆగస్టు నుంచి అక్కడ ఆ వసతి ఉంది. అక్కడ ఉచితంగా సరిచెయ్యవలసిన గడువు 15 ఏళ్ళు. 2015కు ముందు అది పదేళ్ళే, చట్టం మార్చి పెంచారు. అమెరికా స్వర్గమని నేననడం లేదు. రీకాల్ పెండింగు ఉన్న పాత కారును డీలరు అమ్మకూడదని అక్కడి సమాఖ్య చట్టమూ చెప్పదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు అలాంటి అద్దె కారులో చనిపోయాక, వాళ్ళ తల్లి ఏళ్ళ తరబడి పోరాడితే, 2016 నుంచి అద్దె కార్ల కంపెనీలకు మాత్రం ఆ నిషేధం వచ్చింది. జర్మనీలో ఇంకో పద్ధతి. డీజిలు పొగ మోసం బయటపడ్డాక, సవరణ చేయించుకోని కొన్ని బండ్లను 2018లో రోడ్డెక్కకుండా ఆపేశారు. అక్కడ రీకాల్ బండిని వెంటాడుతుంది. ఇక్కడ పాత అడ్రసును వెంటాడుతుంది.

మనకు కావలసింది పెద్ద విప్లవం కాదు. బండి చేతులు మారేటప్పుడు మనం నింపే ఫారం 29, ఫారం 30లలో ఛాసిస్ నంబరు ఉంది, ఇంజను నంబరు ఉంది, అప్పు ఇచ్చిన బ్యాంకుకు ప్రత్యేకంగా చోటు ఉంది. బ్యాంకు డబ్బు బాకీ ఉంటే బదిలీ ఆగుతుంది. ప్రాణానికి సంబంధించిన పని బాకీ ఉంటే ఆగదు! ఏటా బీమా కట్టేటప్పుడు బండి నంబరు అడుగుతారు. పొగ పరీక్ష వ్యానువాడు నంబరు ప్లేటుకు ఫొటో తీస్తాడు. 15 ఏళ్ళు నిండాక ఆర్టీయే ఆఫీసులో బండిని నిలబెట్టి చూస్తారు. ఇన్నిచోట్ల ఆగే బండిని, "నీ రీకాల్ పూర్తయిందా?" అని ఒక్కచోట అడిగితే చాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికారపత్రం తీసుకోవాలనీ, బండి తమ దగ్గర ఉన్నంతకాలం వాళ్ళే యజమానులుగా లెక్క అనీ నిబంధన వచ్చింది. బాధ్యుడు దొరికాడు. ఇక మిగిలింది అతన్ని ప్రశ్న అడగడమే.

కంపెనీల వద్ద లోపమున్న ఛాసిస్ నంబర్లు ఉన్నాయి. రవాణా శాఖ వద్ద నేటి యజమాని చిరునామా ఉంది. ఈ రెండు పుస్తకాలను ఎదురెదురుగా పెడితే నా ఉత్తరం నాకే వచ్చేది. దేశం మొత్తం వాహనాల లెక్కకు కేంద్రం వాహన్ వ్యవస్థ పెట్టింది. అందులోంచి తీసిన అమ్మకాల లెక్కల కింద "తెలంగాణ మినహా" అన్న చిన్న గమనిక ఏళ్ళ తరబడి చూశాను. ఆ చిన్న అక్షరాల వెనక మా సరూర్‌నగర్ కార్లన్నీ ఉన్నాయి.

నా కోరికలు మూడు. రీకాల్ బాధ్యత రిజిస్ట్రేషను బతికున్నంతకాలం బతకాలి, ఏడేళ్ళ గడువు పోవాలి. బదిలీ ఫారంలో రీకాల్ గడి రావాలి, అది ఖాళీగా ఉంటే బదిలీ ఆగాలి. ఉత్తరం నేటి యజమానికి, అతనికి అర్థమయ్యే భాషలో, "సరిచెయ్యకపోతే ఈ ప్రమాదం" అని తేటగా రావాలి. ఇందులో కంపెనీని ముంచేది ఏదీ లేదు. తాను చేసిన తప్పును తాను సరిదిద్దుకోవడానికి చిరునామా ఇస్తున్నాం, అంతే.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ టపా చదివాక మీ ఆర్.సి. బయటికి తీయండి. అందులో 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరు ఉంటుంది. మారుతిదైతే ఎం.ఎ.3 అని మొదలవుతుంది. దాన్ని కంపెనీ సైటులో కొట్టి చూడండి, లేదా సర్వీసు సెంటరుకు ఫోను చేసి అడగండి. సర్వీసు చేయించుకోనక్కరలేదు, అడగడానికి రుసుము లేదు. పాత బండి కొనబోయే స్నేహితుడికి మెకానిక్కు ఫోను నంబరుతో పాటు ఈ ముక్కా చెప్పండి. మీ బండికి అలాంటి పిలుపు ఏదైనా బయటపడితే, అది ఎన్నేళ్ళుగా మీకోసం ఎదురుచూస్తోందో ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. ఆ ఏళ్ళన్నీ ఒకచోట కూడితే, రవాణా శాఖకు రాయబోయే ఉత్తరానికి అంతకన్నా మంచి మొదటి వాక్యం నాకు దొరకదు.